పిట్టను పిలిచినాయన

హైదరాబాదులోని ఆ సినిమా ఆఫీసుకు ఆరు ఉత్తరాలు రాశాను. ఆరూ రిజిస్టరు పోస్టులోనే. ఆరు అక్నాలెడ్జ్‌మెంటు కార్డులూ ఎవరిదో గీతలాంటి సంతకంతో తిరిగి వచ్చాయి. కాబట్టి ఉత్తరాలు అందలేదని చెప్పడానికి వాళ్ళకు వీల్లేదు. కాలువల శాఖలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అందని ఉత్తరానికీ, అందుకుని పక్కన పడేసిన ఉత్తరానికీ తేడా నాకు బాగా తెలుసు. ఫోను చేస్తే ఒక అమ్మాయి ప్రతిసారీ నా పేరు కొత్తగా అడుగుతుంది, రాసుకుంటానంటుంది. రాసుకోదు. రాసుకునేవాళ్ళకు కలం వెతుక్కోవడానికి ఒక నిమిషం పడుతుంది.

ఆ సినిమా మీద ఈ మధ్య చాలామంది చాలా రాశారు. కాలేజీల్లో సభలు పెట్టారు. అందులోని మాటలు ఆటోల వెనకా, పిల్లల చొక్కాల మీదా కనిపిస్తున్నాయి. ఒక్క సభకూ నన్ను పిలవలేదు. దాని సంగతి వేరే రాస్తాను. ఇప్పుడు రాసేది నల్లగొండ పక్కనున్న పానగల్ ఊరి మనిషి గురించి. పోయిన నెల ఆయన చనిపోయాడు. ఆయన గురించి ఎవ్వరూ ఒక్క వాక్యం రాయలేదు.

ముందు సినిమా చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. మన వైపు మనిషి పోయిన మూడోరోజు పిట్టకు పెడతాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టేదాకా ఎవరూ మెతుకు నోట్లో పెట్టుకోరు. ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. సినిమా మొత్తం ఆ ఒక్కరోజే. ఊరిదొర చనిపోతాడు, మూడోరోజు పిట్ట ముట్టదు. కొడుకులు ఆకు పక్కన మాంసం పెడతారు, ఫారిన్ మందు పెడతారు, ఫోను పెడతారు, కారు తాళాలు పెడతారు. "కౌలుకిచ్చిన భూములన్నీ మళ్ళీ గుంజుకుంటం నాయినా" అని ప్రమాణాలు చేస్తారు. పిట్ట రాదు. ఊరంతా ఎండలో కూర్చుని ఉంటుంది. రోజూ పస్తులు అలవాటైనవాళ్ళు కుదురుగానే ఉంటారు, ఎన్నడూ ఒక పూట మానని కొడుకులే ఒక్కొక్కరూ కూలబడతారు. చివరకు పిట్ట ముట్టగానే, తండ్రి శవం ముందు కన్నీటిచుక్క రాల్చని పెద్దకొడుకు వెక్కి వెక్కి ఏడుస్తాడు. బంధువులు తండ్రి మీద ప్రేమ అనుకుంటారు. ఊరికి మాత్రం తెలుసు, అన్నం దొరుకుతుందని ఏడుస్తున్నాడని. ఈ ఏడుపు చూసే జనం పడి పడి నవ్వుతారు.

ఆ ఏడుపు తెర మీదికి రావడానికి కారణం ఈ పానగల్ మనిషే.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఆయన మెడ మీద వడిసెల కనిపించింది. కండువా వేసుకున్నట్టు వేసుకున్నాడు. జొన్నచేలలో మంచె మీద నిలబడి పిట్టలను తోలేవాళ్ళు రాయి విసరడానికి వాడే తాడు అది. ఇప్పుడు పానగల్ చుట్టుపక్కల అంతా వరి, పత్తి. జొన్న లేదు, మంచె లేదు, కావలి పని లేదు. అయినా వడిసెల మెడలోంచి తీయలేదు. ఏదైనా అడిగితే ముందు ఆకాశం వైపు చూసి తర్వాత జవాబిచ్చేవాడు. మనం చెప్పింది నిజమో కాదో పైన సరిచూసుకుంటున్నట్టు ఉండేది. అది పొగరనుకుని షూటింగు మేనేజరు మొదటిరోజే కసిరాడు. నలభై ఏళ్ళు పైకి చూస్తూ బతికినవాడి మెడ అలాగే వంగుతుందని ఆ మేనేజరుకు ఎలా తెలుస్తుంది?

షూటింగు నల్లగొండకు దగ్గర్లోని ఒక పాత గడిలో, అంటే ఒకప్పటి దొరల కోటలాంటి ఇంట్లో. తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు జరిగిన సంగతి. దర్శకుడు మక్తల్ వైపు కుర్రవాడు, ఇదే మొదటి సినిమా. మాటలు నల్లగొండ యాసలో ఉండాలని, నేను అంతకుముందు రాసిన నాటికలు చూసి నన్ను పిలిపించాడు. సెలవు పెట్టి వెళ్ళాను. ఈయన ఊరివాళ్ళ గుంపులో కూర్చోవడానికి వచ్చిన వందమందిలో ఒకడు.

పేదా గొప్పా తేడాల మీద తీస్తున్న ఆ సినిమాలో భోజనాలు మూడు చోట్ల జరిగేవి. నటులకు వాళ్ళ ఏసీ బండి లోపల. మిగతా యూనిట్‌కు టెంటు కింద కుర్చీలూ బల్లలూ. ఊరివాళ్ళకు గడి వెనక, అందరివీ అయ్యాక, నేల మీద. రెండోరోజు నేను టెంటు కింద ప్లేటు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ముద్ద చేతిలో ఉంది. మేనేజరు వచ్చి, ఇది టెక్నీషియన్ల బల్ల, లోకల్ వాళ్ళకు వెనక పెడుతున్నారని చెప్పాడు. నేను మాటలు రాస్తున్నానని చెప్పాను. అవునండీ, లోకల్ రైటరు కదా అన్నాడు. ప్లేటు పట్టుకుని లేచాను. చేతిలో ముద్ద ఏం చేయాలో తెలియలేదు. నలుగురు చూశారనుకున్నాను కానీ ఎవరూ చూడలేదు, అందరూ తింటున్నారు. ఆ మేనేజరు ముఖం, అతని చేతి గడియారం, ఆరోజు కూర, అన్నీ నాకు జ్ఞాపకం ఉన్నాయి. సొరకాయ.

ఇక పిట్ట సీను. కాకి కోసం సిటీ నుంచి ఒక పంజరం, దాని వెంట ఒక శిక్షకుడు వచ్చారు. పంజరం తీయగానే ఆ కాకి దొర ఆకు మీదికి కాకుండా కెమెరా మీదికెక్కి కూర్చుంది. ఊళ్ళోని కాకులు ఈ కొత్తదాన్ని చూసి గుంపుగా వచ్చి అరిచి తరిమాయి. అది జనరేటరు వ్యాను కింద దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. శిక్షకుడు వ్యాను కింద తలపెట్టి బతిమాలాడు. మరునాడూ అంతే. దర్శకుడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఇంకొక్కరోజు పోతే సీను కంప్యూటర్లో చేయించుకుందామని మేనేజరు నసుగుతున్నాడు.

అప్పుడు గుంపులోంచి ఈయన లేచి వచ్చాడు. దర్శకుడి ముందు నిలబడి, ఆకాశం చూసి అన్నాడు:

"పిట్ట రాదు బిడ్డా. మీరు తింటున్నరు గద."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన గడి వెనక్కు చెయ్యి చూపించాడు. ఎంగిలి ప్లేట్ల కుప్ప. దాని మీద నల్లగా కాకులు.

"గాడ బువ్వ కుప్పలు పోసిండ్రు. కడుపు నిండిన పిట్ట దొర ఆకు కాడికి ఎందుకొస్తది? పిట్టకు గడి తెల్వది, గుడిసె తెల్వది. ఆకలి తెలుసు. పిట్టకు పెట్టిననాడు ఎవ్వలు తినొద్దని పెద్దలు ఊకెనే పెట్టలె."

నేను పక్కనే కాగితాలు పట్టుకుని ఉన్నాను. చిన్నప్పటి నుంచి ఆ ఆచారం చూస్తున్నాను. దానికి ఇలాంటి కారణం ఒకటి ఉండొచ్చని ఏనాడూ తట్టలేదు. ఇంటిల్లిపాదీ పస్తుంటే ఎంగిలి ఉండదు. ఎంగిలి లేకపోతే పిట్ట ఆకు దగ్గరికి వస్తుంది. అంతే.

మరి ఏం చేద్దామని దర్శకుడు అడిగాడు. రేపు పొయ్యి వెలిగించొద్దన్నాడు ఈయన. ఆ కుప్పను పూడ్చాలి. పిట్ట ముట్టేదాకా గడి చుట్టూ ఎవరూ ఏమీ తినొద్దు. మేనేజరుకు నవ్వొచ్చింది. హీరోగారు పొద్దున జ్యూసు తాగకుండా ఎలా అన్నాడు. ఈయన అమాయకంగానే అడిగాడు:

"తాగనీ సారు. గని సీన్ల ఆకలితోటి కూలబడాల్సింది గాయినె గద?"

పెద్దకొడుకు వేషం వేస్తున్న నటుడు బండి మెట్ల మీద నిలబడి ఈ మాట విన్నాడు. జ్యూసు వద్దన్నాడు. ఆయన వద్దన్నాక, రేపు పొయ్యి వెలిగించొద్దని మేనేజరే వెళ్ళి వంటవాళ్ళకు చెప్పాడు.

మర్నాడు పొద్దుటి నుంచి యూనిట్ అంతా పస్తు. కెమెరా వాళ్ళు, లైట్ల వాళ్ళు, మేకప్ వాళ్ళు, డ్రైవర్లు, మేనేజరు. ఊరివాళ్ళు మామూలుగా కూర్చున్నారు. పదకొండింటికి యూనిట్‌లో మాటలు తగ్గాయి. పన్నెండింటికి మేనేజరు నీడలో కళ్ళు మూసుకున్నాడు. ఈయన కెమెరా పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నోటితో ఏవో చప్పుళ్ళు చేస్తాడు, ఆగుతాడు, వింటాడు. మధ్యలో ఒకసారి నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు, "నలభై ఏండ్లు తోలిన సారు. ఇగ పిలుసుడు నేర్సుకుంటున్న."

రెండు దాటాక ప్రహరీ మీద ఒక కాకి వాలింది. అటూ ఇటూ చూసింది. దిగింది. ఆకు చుట్టూ రెండడుగులు వేసి మాంసం ముక్క లాక్కుంది. స్క్రిప్టు ప్రకారం అక్కడ పెద్దకొడుకు నవ్వాలి. ఆ నటుడు నవ్వబోయాడు. పెదవులు వణికి ఏడుపొచ్చింది. అది నటన కాదు, కడుపు. కెమెరా వాళ్ళకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయని తర్వాత చెప్పారు. ఇవాళ లక్షలమంది ఫోన్లలో చూసుకుంటున్నది అదే.

కట్ చెప్పగానే వంట మొదలైంది. అన్నం దిగేసరికి ఎవరికీ బండి దాకా, టెంటు దాకా నడిచే ఓపిక లేదు. పందిరి కిందే, కూర్చున్నవాళ్ళు కూర్చున్నచోటే ఆకులు వేయించుకున్నారు. పెద్ద నటుడి పక్కన ట్రాక్టరు డ్రైవరు. దర్శకుడి పక్కన ఒక ముసలమ్మ. ఎవరూ సమానత్వం గురించి ఏమీ మాట్లాడలేదు, అందరి నోళ్ళలో అన్నం ఉంది. మర్నాటి నుంచి మళ్ళీ మూడు చోట్లే. అది కూడా రాయాలి కదా.

నేను ఈయన పక్కన కూర్చున్నాను. ఆయన తన ఆకులోని మాంసం ముక్క తీసి నా ఆకులో పెట్టాడు. వద్దన్నాను.

"తిను సారు. మొన్న నిన్ను బువ్వ కాడికెల్లి లేపిండ్రు. నేను సూసిన."

నాకు జరిగిన అవమానాలన్నీ నేను జ్ఞాపకం పెట్టుకుంటానని మా ఇంట్లో ఒక ఫిర్యాదు ఉంది. నిజమే. ఎందుకు పెట్టుకుంటానంటే ఇంకెవరూ పెట్టుకోరు కాబట్టి. నాకు జరిగింది ఒకటి, నేను చెప్పకుండానే మరో మనిషి చూసి, రెండురోజులు తన దగ్గర ఉంచుకుని, అన్నం ముందు కూర్చున్నప్పుడు తీసి చూపించడం అదొక్కసారే. ఆ ముక్క తిన్నాను. ఆ మేనేజరును క్షమించలేదు కానీ ఆపూట మరిచిపోయాను. నా జన్మలో అది కొంచెం గొప్ప సంగతే.

ఇంకొకటి ఒప్పుకోవాలి. "పిట్టకు గడి తెల్వది, గుడిసె తెల్వది, ఆకలి తెలుసు" అన్న మాటను ఆరోజే కాగితం మీద పెట్టి దర్శకుడికిచ్చాను. సినిమాలో చాకలి ముసలాయన అంటాడు. చొక్కాల మీద వేసుకుంటున్నది ఆ మాటే. నేను రాసిందనుకుని ఇద్దరు ముగ్గురు నన్ను మెచ్చుకున్నారు. ఒకరికి మాత్రమే నాది కాదని చెప్పాను.

సినిమా వచ్చింది. నల్లగొండలో వారం ఆడింది. నేను మ్యాట్నీకి వెళ్ళేసరికి హాల్లో పట్టుమని పదిమంది లేరు. ఈయన అప్పటికే వచ్చి ఉన్నాడు. ఉతికిన ధోతి, మెడలో వడిసెల. పక్కన భార్య, మనవరాలు. సినిమా అయిపోయింది. జనం లేచారు. ఈయన లేవలేదు.

"పేర్లు వస్తయంట గద సారు. కూసో."

సినిమా చివర పేర్లు మొదలవగానే ఆపేసి లైట్లు వేయడం థియేటరు వాళ్ళకు అలవాటు. నేను పరిగెత్తి ఆపరేటరును బతిమాలి, చివరిదాకా వేయించాను. ఎందుకు వేయించానా అని తర్వాత అనుకున్నాను. నా పేరు "మాటలు" దగ్గర లేదు. కృతజ్ఞతల్లో ఉంది, టెంట్ హౌసుకూ జనరేటరుకూ మధ్య. "పక్షుల శిక్షణ" అని వ్యాను కింద తలపెట్టిన ఆయన పేరు ఒక్కటే తెర నిండా పడింది. ఈయన పేరు ఎక్కడా లేదు.

ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. పేర్లేమో పైకి ఉరుకుతున్నాయి. మొదటి పేరు దగ్గరే ఆగిపోయి, పెదవులు కదుపుతూ, తెర ఖాళీ అయ్యేదాకా చూసి నన్నడిగాడు.

"వచ్చిందా సారు నాది?"

వచ్చిందన్నాను. ఇప్పుడే పోయింది, పెద్దగానే వేశారన్నాను.

జన్మంతా ప్రతిదానికీ కాగితం చూపించమని అడిగినవాణ్ణి, ఏ కాగితమూ లేని మాట అన్నాను. ఆయన తల పైకెత్తి హాలు కప్పు వైపు చూశాడు. భార్యకు చెప్పాడు. ఆమె పానగల్ అంతా చెప్పింది.

తర్వాత అందరూ ఇళ్ళలో బందీ అయిన కాలం వచ్చింది. పనిలేక ఫోన్లు చూస్తూ కూర్చున్న జనానికి ఈ సినిమా దొరికింది. వారం ఆడిన సినిమా ఊరూరా తెలిసింది. ఫోనులో తెరను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు. నల్లగొండలో డిగ్రీ చదువుతున్న మనవరాలు ఆపి, పేర్లన్నీ వరసగా చదివిందట. రెండుసార్లు చదివిందట. ఈ సంగతి ఊళ్ళో ఒకాయన నాకు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు కూడా నాకు జ్ఞాపకం ఉంది.

దారులు తెరిచాక నేనే పానగల్ వెళ్ళాను. మంచంలో కూర్చుని జొన్నలు దూసి పిచ్చుకలకు వేస్తున్నాడు. ఎక్కడి నుంచో తెప్పించుకున్నాడట రెండు కంకులు. నేను తప్పు చేశానని చెప్పాను. అంతా విన్నాడు. ఆకాశం చూశాడు.

"నాకెరికె సారు. గా దినమే ఎరికె."

"ఎట్లా?"

"పేరు వస్తె నువ్వు చెయ్యి పెట్టి సూపెడుదువు. నేను అడిగితె నువ్వు కిందికి సూసినవు."

"మరి ఊరంతా ఎందుకు చెప్పనిచ్చావు?"

"మంచిగనే ఉన్నది. వచ్చిందని సారు అనె. రాలేదని నేనంటె నీ ఇజ్జత్ ఏం గావాలె?"

తర్వాత టీ తెమ్మని భార్యను కేకేసి, మా ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగి, ఈ వానలకు కంకి బూజు పడుతుందా అన్న సంగతి మాట్లాడాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. తనకు అన్యాయం జరిగిందన్న ధ్యాసే ఆయన మాటల్లో లేదు. నాకు అది మెచ్చుకోవాలని లేదు. మెచ్చుకుంటే వాళ్ళకు సులువవుతుంది. అడగనివాడికి ఇవ్వక్కర్లేదనుకుంటారు. ఆయన అడగలేదు కాబట్టి నేను అడగడం మొదలుపెట్టాను. మొదటి ఉత్తరం ఆ మర్నాడే రాశాను.

పోయిన నెల ఆయన మూడోరోజుకు వెళ్ళాను. ఆకు పెట్టి అందరూ వెనక్కు నడుస్తుండగానే ముట్టాయి, ఒకటి కాదు, నాలుగైదు. దానిమీద ఎవరూ సినిమా తీయలేరు. అన్నాలయ్యాక మనవరాలు నా దగ్గరికి వచ్చింది. నిజం ఆమెకు తెలుసు. అయినా బంధువుల ముందు నిలబడి గట్టిగానే అడిగింది.

"సార్, తాత పేరు సిన్మాల ఉండెనని జర మీ నోటితోటి చెప్పుండ్రి. చిన్నాయిన వాళ్ళు నవ్వుతున్నరు. తాత ఉత్త గప్పాలు కొట్టిండంటున్నరు."

ఈయన నా ఇజ్జత్ కాపాడినందుకు చెల్లించిన ధర ఇది. నా అబద్ధం ఆయన గొప్పలుగా మిగిలింది. అక్కడ నేను రెండోసారి అబద్ధం చెప్పలేకపోయాను. నిజం చెప్పడానికీ నోరు రాలేదు. కొత్త ప్రింటులో చూడు బిడ్డా, ఉంటుంది, అన్నాను. ఆ పిల్ల నా ముఖం వైపే చూసింది. ఈసారి నేను కిందికి చూడలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ సినిమాను శుభ్రం చేసి, కొత్త ప్రింటుతో మళ్ళీ థియేటర్లలో వేస్తున్నారని పేపర్లో చదివాను. బొమ్మ మెరుగుపరుస్తున్నారట, శబ్దం మెరుగుపరుస్తున్నారట. పేర్లు కూడా మళ్ళీ చేయిస్తున్నారట. అంటే ఇంకా సమయం ఉంది. ఈ వ్యాసంలో ఆయన పేరు కావాలనే రాయలేదు. ఇక్కడ రాస్తే ఒక పని అయిపోయినట్టు నాకూ మీకూ అనిపిస్తుంది. ఆ పేరు మొదట పడవలసింది తెర మీద. ఆరు ఉత్తరాల్లోనూ ఇంటిపేరుతో సహా స్పష్టంగా రాసి పంపాను. మీ దగ్గరే ఉంది.

దర్శకుడు తమ్ముడా, నువ్వు మంచివాడివని నాకు తెలుసు. ఆరోజు నువ్వు కూడా పస్తున్నావు. మేనేజరు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు అక్కర్లేదు. ఈ ఉత్తరాలు నీదాకా రానివ్వలేదనే అనుకుంటాను. ఇది అచ్చులో ఉంది, కనక ఇకమీదట చూడలేదనడానికి వీల్లేదు. నా పేరును జనరేటరు పక్కనే ఉంచు. దాని కిందికి దించినా సరే. ఆ పిల్ల టికెట్టు కొనుక్కుని, నవ్విన చిన్నాయినలను వెంటబెట్టుకుని హాల్లో కూర్చుంటుంది, లైట్లు వేసినా లేవదు. ఆమెకు నేను మాటిచ్చాను, నిన్ను అడక్కుండానే ఇచ్చాను. పిట్టను పిలిచిన మనిషి పేరు వేస్తావా, వెయ్యవా? ఆరు ఉత్తరాలకూ కలిపి ఒక్క జవాబు చాలు. రాయి.